ఆలంకారిక భాష – అవగాహన

‘పొద్దు గుంకింది.’ ఈ వాక్యంలో రెండే మాటలున్నాయి. రెండూ పసిపిల్లలకు సైతం తెలిసినవే. అయినా ఇది ఎవరి నోట, ఎవరితో, ఏ సందర్భంలో వెలువడిందో తెలియకుండా దీని అర్థం ఇదీ అని నిర్ణయించడం సాధ్యం కాదు. వరినాట్లు వేస్తున్న కూలీలలో ఒకామె ఈ మాట అంటే, ఇక పని చాలించి గట్టెక్కుదామని తక్కినవారికి తెలుస్తుంది. పశువులను మేపే బాలునికి మందను ఇంటికి తోలుకురమ్మన్న ఆజ్ఞ అవుతుంది. సంతలో కూరగాయలమ్మే మనిషి అంటే, మిగిలినదానిని అయినకాడికి అమ్ముకోవాలన్న తొందర అందులో వినబడుతుంది. పట్నంలో చదివే కొడుకు వస్తాడని ఉదయం నుంచి వీధి అరుగు మీద కూర్చున్న తల్లి ఇదే మాటను తనలో తాను అనుకొంటే అది నిరాశ. నాలుగు చోట్లా సూర్యుడు ఒక్కడే, అస్తమయం ఒక్కటే. అర్థాలు మాత్రం నాలుగు.

ఈ చిన్న వాక్యం చుట్టూ సంస్కృత ఆలంకారికులు చాలా చర్చ చేశారు. ‘కావ్యాలంకారం’ రచించిన భామహుడు సూర్యాస్తమయాన్ని గూర్చి ఉన్నదున్నట్లు చెప్పిన మాట కేవలం వార్తయే గాని కావ్యం కాదని అభిప్రాయపడ్డాడు. అందులో వక్రోక్తి, అనగా చెప్పే తీరులోని వంపు, లేదని ఆయన అభ్యంతరం. కొన్ని శతాబ్దాల తరువాత, 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో అటువంటి మాటనే తీసుకొని, వినేవారిని బట్టి అది ఎన్నెన్ని భావాలను స్ఫురింపజేస్తుందో వివరించాడు. ఒకరు వార్త అని పక్కన పెట్టినది మరొకరికి వ్యంజనకు ఉదాహరణ అయింది. భామహుడు వాక్యాన్ని చూశాడు. మమ్మటుడు వాక్యంతోపాటు దానిని వినేవానిని కూడా చూశాడు.

మాటకు గల ఈ సామర్థ్యాన్ని ప్రాచీనులు మూడు వృత్తులుగా విభజించారు. పదం వినగానే లోకంలో రూఢమైన అర్థాన్ని తెలిపేది అభిధ. ఆ అర్థం సందర్భానికి పొసగనప్పుడు దానితో సంబంధం గల మరొక అర్థాన్ని గ్రహింపజేసేది లక్షణ. ఈ రెండు అర్థాలు తెలిసిన తరువాత కూడా మిగిలి, మనసులో నెమ్మదిగా మెదిలే భావాన్ని స్ఫురింపజేసేది వ్యంజన. పేర్లు బరువుగా ఉన్నా పనులు మాత్రం నిత్యవ్యవహారంలో ఉన్నవే. రోడ్డు పక్కన నిలిచిన వ్యక్తి ‘ఆటో! ఇలా రా’ అని పిలుస్తాడు. ఆటోకు చెవులు లేవు. పిలుపు దానిని నడిపేవానికి చేరుతుంది. అతడూ తనను ఆటో అన్నందుకు నొచ్చుకోడు. ‘విజయవాడ కృష్ణానది మీద ఉంది’ అన్నప్పుడు ఊరు నీటిపై తేలుతున్నదని ఎవరూ భావించరు. గంగలో గొల్లపల్లె ఉన్నదని శాస్త్రగ్రంథాలు చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ కూడా ఇటువంటిదే. అయితే శాస్త్రకారులు అక్కడితో ఆగలేదు. గంగ ఒడ్డున అనడానికి వీలుండగా గంగలో అని ఎందుకన్నట్లు? గంగకు గల చల్లదనం, పవిత్రత ఆ పల్లెకు కూడా ఉన్నవని స్ఫురింపజేయడానికి అని వారు సమాధానం చెప్పారు. ‘ఎందుకన్నట్లు’ అనే ఈ ప్రశ్న వేసుకొన్న చదువరికే ఆలంకారిక భాష లోపలికి దారి దొరుకుతుంది.

మాట్లాడేవారు గుర్తించకుండానే వాడే అలంకారాలు తెలుగులో అసంఖ్యాకంగా ఉన్నాయి. తలుపుకు రెక్కలుంటాయి. దువ్వెనకు, రంపానికి పళ్లుంటాయి. కుండకు మూతి ఉంటుంది. గడియారంలో ముల్లు తిరుగుతుంది. ఊరికి నడిబొడ్డు ఉంటుంది. తలుపు తెరుచుకోవడంలో పక్షి రెక్క విచ్చుకోవడాన్ని మొట్టమొదట చూసినవారు ఎవరోగాని, వారు చేసినది కవి చేసే పనే. వాడుకలో అరిగి అరిగి ఆ పోలిక ఇప్పుడు ఎవరికీ కనబడదు. రెక్క అనేది తలుపులో ఒక భాగానికి పేరుగా నిలిచిపోయింది. కవి ఇంకా అరగని పోలికను వెదుకుతాడు. లేదా అరిగిపోయిన దానినే మళ్లీ కనబడేటట్లు చేస్తాడు.

భరతుడు ‘నాట్యశాస్త్రం’లో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దిలో అప్పయ్య దీక్షితులు ‘కువలయానందం’ రచించేనాటికి అర్థాలంకారాలే వందకు మించాయి. ఓరుగల్లులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రచించి లక్షణాలకు ఉదాహరణలన్నింటినీ కాకతీయ ప్రతాపరుద్రుని కీర్తిస్తూ తానే కూర్చుకొన్నాడు. ఆ మార్గంలోనే రామరాజభూషణుడు తెలుగులో ‘నరసభూపాలీయం’ వెలయించాడు. ఈ గ్రంథాలు గొప్పవి. కాని పేర్లు పెరిగిన కొద్దీ చదువరి దృష్టి పేరు మీదనే నిలిచిపోయే ప్రమాదం కూడా పెరిగింది. పద్యంలో ‘వలె’ కనబడగానే ఉపమాలంకారమని, ‘కాబోలు’ కనబడగానే ఉత్ప్రేక్ష అని రాసి, లక్షణాన్ని అప్పగించి, సమన్వయం పేరిట ఉపమేయ ఉపమానాలను విడదీసి చూపితే మార్కులు వస్తాయి. ఆ పోలిక వల్ల పద్యంలో ఏమి జరిగిందో మాత్రం విద్యార్థికి తెలియకుండానే ఉండిపోవచ్చు.

ఉపమలో నాలుగు అంగాలు. పోల్చబడేది ఉపమేయం, దేనితో పోలుస్తారో అది ఉపమానం, రెండింటిలోనూ ఉండేది సమానధర్మం, పోలికను తెలిపే పదం ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. ఇంతవరకు పాఠశాలలోనే నేర్చినదే. పట్టించుకోవలసినది సమానధర్మాన్ని. కవి దానిని చెప్పక విడిచినప్పుడు చదువరికి పని మొదలవుతుంది.

‘అవ్వ చేతులు నేలపైకి తేలిన చింతవేళ్ల వలె ఉన్నాయి’ అనే వాక్యాన్ని తీసుకొందాం. సమానధర్మం చెప్పలేదు. నలుపు, ముడుతలు, గట్టిదనం వెంటనే తోస్తాయి. ఇవి కంటికి కనబడేవి. వేళ్లు చెట్టును నిలబెట్టేవి అన్న సంగతి కొంచెం ఆలస్యంగా తోస్తుంది. అది తోచిన తరువాత, వాక్యంలో ఎక్కడా లేని ఇల్లు, పిల్లలు, ఏళ్ల తరబడి చేసిన చాకిరి ఆ చేతుల వెనుక నిలుస్తాయి. అవే చేతులను మరొకరు ‘పండిన తమలపాకుల వలె ఉన్నాయి’ అన్నారనుకొందాం. ఇక్కడ పలుచదనం, మెత్తదనం, లేత పసుపు రంగు, బయటికి తేలిన ఈనెల వంటి నరాలు. ఆకు పండిందంటే రాలడానికి ఎంతో కాలం లేదు. మొదటి వాక్యం అవ్వ చేసిన పనిని చూసింది, రెండవది అవ్వకు మిగిలిన కాలాన్ని చూసింది. రెండూ ఉపమలే, రెండూ లుప్తోపమలే. అలంకారం పేరు చెప్పి ఊరుకొంటే ఈ రెండు వాక్యాల మధ్య భేదమే లేదు.

‘వలె’ ఉన్నచోటల్లా ఉపమ ఉన్నదనుకోవడం కూడా సరికాదు. గవయం అనే అడవిమృగం ఆవు వలె ఉంటుందని తర్కశాస్త్రంలో ఒక ఉదాహరణ ఉంది. ఎన్నడూ చూడని మృగాన్ని అడవిలో గుర్తుపట్టడానికి ఆ పోలిక పనికివస్తుంది. అది జ్ఞానసాధనమే గాని అలంకారం కాదు, ఎందుకంటే అందులో మనసును రంజింపజేసే చమత్కారం లేదు. ‘వైద్యుడు చెప్పినట్లు మందు వేసుకొన్నాడు’ అన్న వాక్యంలో ‘అట్లు’ ఉన్నది గాని, అక్కడ అసలు పోలికయే లేదు.

ఉపమలో రెండు వస్తువులు దగ్గరకు వస్తాయి గాని దేనికది విడిగానే ఉంటుంది. రూపకంలో ఆ ఎడం చెరిగిపోతుంది. ‘సంసారసాగరం’ అన్నప్పుడు సంసారం సాగరం వంటిది కాదు, సాగరమే. ఒకసారి సాగరమని అంగీకరించిన తరువాత అలలు, సుడిగుండాలు, నావ, ఒడ్డు వరుసగా వచ్చి చేరుతాయి. అతిశయోక్తి లోకపు కొలతను దాటి చెబుతుంది. ‘బీరువా నిండా నగలు’ అనడంలో ఒక పరిమితి ఉంది. ‘ఆ ఇంట్లో బంగారం చాటలతో చెరుగుతారు’ అనడంలో లేదు. దీనిని అబద్ధమని ఎవరూ నిందించరు, నిజమని ఎవరూ నమ్మరు.

ఉత్ప్రేక్ష దగ్గర మాత్రం కొంత ఆగవలసి ఉంటుంది. విద్యార్థులు దీనిని ఉపమతో తరచు పొరబడతారు. ‘తుపాను వెలిసిన మరునాడు కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకు వంగి, కొట్టుకుపోయినవారు మళ్లీ వస్తారేమోనని సముద్రం దిక్కు చూస్తున్నాయా అన్నట్లున్నాయి.’ చెట్లు వంగడానికి కారణం గాలి. ఆ సంగతి కవికి తెలుసు, చదువరికీ తెలుసు. అయినా కవి అక్కడ లేని మరొక కారణాన్ని ఊహించి ఆరోపించాడు. ఉపమ ఒక వస్తువును మరొక వస్తువు పక్కన నిలుపుతుంది. ఉత్ప్రేక్ష వస్తువుకు లేని ఉద్దేశాన్ని కల్పిస్తుంది. ఆ ఉద్దేశం ఎవరిది? చెట్లది కాదు. ఊళ్లో మిగిలినవారిది. వారు ఒడ్డున నిలబడి చూస్తున్నారని చెప్పకుండానే చెప్పడానికి ఉత్ప్రేక్ష ఇక్కడ పనికివచ్చింది.

ఇక వర్ణన. వర్ణన అనగానే పోలికలు గుప్పించడమని ఒక అపోహ ఉన్నది. పురం, సముద్రం, పర్వతం, ఋతువు మొదలైన పద్దెనిమిది వర్ణనలు మహాకావ్యానికి ఉండాలన్న నియమాన్ని ప్రబంధకవులు పాటించారు. వారిలో కొందరు పోలికల బరువుకు వస్తువును కనబడకుండా చేసిన మాట కూడా నిజమే. కాని ఏ పోలికా లేని వర్ణనను సైతం దండి అలంకారంగానే పరిగణించాడు. ‘కావ్యాదర్శం’లో అర్థాలంకారాలను చెప్పబూని ముందుగా చెప్పినది స్వభావోక్తినే. జాతిని, క్రియను, గుణాన్ని, ద్రవ్యాన్ని ఉన్నవి ఉన్నట్లు కన్నులకు కట్టించడం దాని లక్షణం. ఉన్నదున్నట్లు చెప్పడం వార్త అన్న భామహుని మాటను దీని పక్కన పెట్టి చూడదగును. చూసి చెప్పడానికీ, చూడకుండా చెప్పడానికీ గల తేడాయే ఈ రెండింటికీ మధ్య ఉన్నది.

‘దమ్ము చేసిన మడిలో కొంగ ఒంటికాలి మీద నిలిచింది. మెడ భుజాలలోకి ముడుచుకొంది. చాలాసేపు కదలలేదు. ఎదురుగా నీరు కొద్దిగా చలించింది. కొంగ మెడను నెమ్మదిగా చాచి, తలను ఒక పక్కకు వాల్చి, మళ్లీ ఆగింది.’ ఈ అయిదు వాక్యాలలో పోలిక లేదు. చెప్పినవారు మడిగట్టున నిలబడి కొంగను చూసినవారని మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు మొదటి వాక్యానికి ఒక్క మాట చేర్చి, ‘కొంగ తపస్వి వలె ఒంటికాలి మీద నిలిచింది’ అంటే మొత్తం మారిపోతుంది. తెలుగువారికి ‘కొంగజపం’ అనే నానుడి ఉన్నది. ఆ మాట తెలిసిన చదువరికి ఇక అక్కడ కనబడేది పక్షి కాదు. కన్నులు మూసుకొని అవకాశం కోసం కాచుకొన్న కపటి. కదలకపోవడం ఏకాగ్రత కాస్తా నటన అయింది. నీరు చలించడం చేప రాక కాస్తా అమాయకుని రాక అయింది. స్వభావోక్తి అధిక్షేపంగా మారడానికి ఒక్క ఉపమానం చాలింది. వర్ణనలో పోలిక చేర్చేవారు అది దేనిని కనబరుస్తుందో, దేనిని కప్పివేస్తుందో కూడా ఆలోచించవలసి ఉంటుంది. కొంగను కొంగగానే చూపదలచిన రచయితకు తపస్వి అడ్డు.

ఈ ఉదాహరణలో మరొక సంగతి ఉన్నది. కొంగజపమంటే తెలియనివానికి ‘తపస్వి వలె’ అన్న మాట పొగడ్తగా తోచవచ్చు. అలంకారం పలికేది ఒక సమాజానికి ఉమ్మడిగా తెలిసిన విషయాల ఆధారంతోనే. చకోరం వెన్నెలను తాగుతుంది, చాతకం వాన చినుకునే ఆశిస్తుంది, హంస పాలనూ నీటినీ వేరు చేస్తుంది. ఇవి ప్రకృతిశాస్త్రం చెప్పే సత్యాలు కావు, కవిసమయాలు. హంస నిజంగా పాలను వేరు చేయగలదా అని వాదించడం వ్యర్థం. చేయగలదని కవి, చదువరి ముందే ఒప్పుకొన్నారు. ఆ ఒప్పందం తెలియని నేటి విద్యార్థికి ప్రాచీన పద్యం మూసిన తలుపు వలె ఉండడం సహజం. తాళపుచెవి నిఘంటువులో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం ఇతర కావ్యాలను చదవడం వల్ల దొరుకుతుంది.

ఒక కావ్యం మొత్తం ఒకే ఒక ఆలంకారిక కల్పన మీద నిలిచిన సందర్భాన్ని పరిశీలిస్తే ఈ విషయాలన్నీ ఒకచోట కనబడతాయి. గుర్రం జాషువ ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. కాళిదాసు ‘మేఘసందేశం’లో శాపం వల్ల భార్యకు దూరమైన యక్షుడు రామగిరి నుంచి అలకాపురికి మేఘాన్ని దూతగా పంపుతాడు. నలదమయంతుల కథలో దూత హంస. తెలుగు చదువరులకు శ్రీనాథుని ‘శృంగారనైషధం’ ద్వారా అది చిరపరిచితం. మేఘం నల్లనిదైనా చల్లనిది, లోకానికి ఇష్టమైనది. హంస తెల్లనిది, వివేకానికి గుర్తు. వీటి వరుసలో జాషువ ఒక గబ్బిలాన్ని నిలిపాడు. అది అపశకునమని లోకం భావించే ప్రాణి. ఇల్లు పాడుపడితే గబ్బిలాలు చేరాయంటారు. సందేశకావ్య సంప్రదాయం తెలిసిన చదువరికి పేరు వినగానే ఒక కుదుపు కలుగుతుంది. ఆ కుదుపు కవి కోరినదే.

సందేశం పంపేవాడు అస్పృశ్యుడని సంఘం వెలివేసిన పేదవాడు. జాషువ అతనిని అరుంధతీసుతుడని వ్యవహరించాడు. అరుంధతి తమ ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకొనే సంప్రదాయం ఆ వర్గంలో ఉన్నది. పెండ్లినాడు వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపి, ఆమె పాతివ్రత్యాన్ని ఆదర్శంగా చెప్పడం వెలివేసిన సంఘపు ఆచారం. తల్లిని ఆకాశంలో పూజించేవారు ఆమె కొడుకును వీధిలోకి రానివ్వరు. జాషువ వాడిన ఆ ఒక్క సమాసంలో ఈ వైరుధ్యమంతా ఇమిడి ఉంది. ఆ మాటకు ప్రతిపదార్థం ‘అరుంధతి యొక్క కుమారుడు’ అని రాస్తే అది తప్పు కాదు. కాని అసలు సంగతి అందులో ఏమీ రాదు.

యక్షుని మేఘం ప్రియురాలి దగ్గరకు వెళ్లింది. అరుంధతీసుతుని గబ్బిలం కాశీవిశ్వనాథుని దగ్గరకు వెళ్లాలి. అక్కడ చెప్పవలసినది విరహం కాదు, తనకు జరిగిన అన్యాయం. ఇంతకూ గబ్బిలమే ఎందుకు? గుడిలోనికి వెళ్లడానికి దానిని ఎవరూ అడ్డగించరు గనుక. గర్భగుడి చీకటిలో వేలాడే హక్కు గబ్బిలానికి ఉన్నది, మనిషికి లేదు. ఈ వాక్యాన్ని కవి సిద్ధాంతంగా చెప్పి ఉంటే అది ఉపన్యాసం అయ్యేది. దూతను ఎన్నుకోవడంలోనే చెప్పాడు గనుక చదువరి దానిని తానే కనుగొంటాడు. తాను కనుగొన్నదానిని కాదనడం ఎవరికైనా కష్టం. అస్పృశ్యతను రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం అమలులోకి వచ్చినది 1950లో. కావ్యం దానికి తొమ్మిదేళ్లు ముందుది.

గబ్బిలం తలకిందులుగా వేలాడుతుంది గనుక అది తలకిందులైన సంఘానికి ప్రతీక అని ఒక విద్యార్థి రాయవచ్చు. చమత్కారమైన ఊహయే. అయితే ఊహకు కావ్యంలో ఆధారం వెదకాలి. ఆ వేలాడడం వల్ల కథలో ఏమి జరుగుతున్నదో చూస్తే, గబ్బిలం వేలాడే చోటు శివుని చెవికి దగ్గరగా ఉండడం కవికి ముఖ్యమైనట్లు కనబడుతుంది. మనవి చెప్పుకోవలసినవానికి కావలసినది చెవియే గదా.

అరుంధతీసుతుడు గబ్బిలాన్ని కోరే కోరికలో మరొక నిబంధన ఉన్నది. పూజారి లేని సమయం చూసి తన జీవితచరిత్రను శివునికి విన్నవించమంటాడు. అభిధలో ఇది వేళను సూచించే మాట మాత్రమే. ఉపమ లేదు, రూపకం లేదు, ‘వలె’ లేదు, ‘కాబోలు’ లేదు. పరీక్షలో ఇక్కడ అలంకారమేదని అడిగితే విద్యార్థి పేరు చెప్పలేకపోవచ్చు. కాని దేవునికీ అతనికీ మధ్య అడ్డుగా ఉన్నది ఎవరో, దేవుని మీద అతనికి ఇంకా నమ్మకం ఎందుకు మిగిలిందో, అంత మొర పెట్టుకోవడానికి కూడా ఎంత జాగ్రత్త పడవలసి వచ్చిందో ఆ వేళ చెప్పిన మాటలోనే ఉన్నది.